పొయ్యెక్కని జామ్

మా బావ మీద నాకున్న గొడవ ఒక్కటే. ఆ మనిషి నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు.

అప్పు అడిగినవాణ్ని లేదు పొమ్మనొచ్చు. తగువుకొచ్చినవాణ్ని నాలుగు తిట్టి పంపొచ్చు. అడగనివాణ్ని ఏం చేస్తాం? కుర్చీ వేసి టీ ఇస్తాం. మా అక్కని చేసుకున్న దగ్గర్నుంచి నేను ఆయనకి చేసింది అదే. వచ్చేవాడు, ముందు గదిలో కిటికీ పక్క కూలబడేవాడు, టీ ఊదుకుంటూ రోడ్డు వైపు చూసేవాడు. రోడ్డుకీ మా ఇంటికీ మధ్య మా నాన్న నాకిచ్చిన స్ట్రాబెర్రీ మడి ఉంది. "ఇటు నుంచి గాలి బాగా వస్తుంది బామ్మర్దీ" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క అన్నాడంటే ఒట్టు.

ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అందుకని అందరూ చల్లాయన అంటారు. మనిషీ అంతే, ఎక్కడ చెయ్యి వేసినా చల్లగానే తగులుతాడు. బజారు వెనక సందులో ఓ అద్దె షెడ్డులో కొట్టు. ఆ షెడ్డువాడు ఏటా అద్దె పెంచుతాడనీ, పెంచి కూడా ఏటా ఖాళీ చెయ్యమంటాడనీ మా అక్క చెబుతూ ఉండేది. చెప్పి, తనూ కిటికీలోంచి బయటికి చూసేది. రోడ్డు పక్కన ఇంత చోటుంటే ఫ్రిజ్‌ల కొట్టుకి అంతకన్నా ఏం కావాలి? ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. ఆయన అడిగిన రోజున చెప్పాల్సిన మాటలన్నీ నేను ఎప్పుడో కూర్చి పెట్టుకున్నాను: అక్కకి ఇప్పుడు వాళ్లుంటున్న ఇల్లు, నాకు మడి అని నాన్న పంచి పోయాడు, నా మడిలోంచి అంగుళం కదలదు, ఏమనుకున్నా సరే. ఆ మాటలు నా నోట్లోనే ముక్కిపోయాయి. ఆయన అడిగితేగా!

ఆ ఏడు కాపు మొదలవబోయే ముందు నేను పరంజా మీద నుంచి పడ్డాను. నేను తాపీ మేస్త్రీని. బడి ఐదో తరగతిలో వదిలేసి తాపీ పట్టినవాణ్ని, ఇంకో విద్య తెలీదు. భుజం ఎముక అతుక్కుంది గానీ కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. మేస్త్రీకి చెయ్యి లేవకపోతే ఇంక లేచేదేముంది, ఇంట్లో కూర్చోవడమే. ఆ ఏడాది మేం తినేది ఆ మడి మీదే తినాలి.

ఏటా పండంతా జ్యూసు కంపెనీ లారీ ఎత్తుకుపోయేది. ఆసారి పండు ఎర్రబడింది, లారీ జాడ లేదు. కబురు పెడితే, ఇప్పుడు పెద్ద తోటల దగ్గరే ఎత్తుతున్నాం, చిన్న మళ్ల దగ్గర బండి ఆపడం దండగ అన్నారు. స్ట్రాబెర్రీ మనకోసం ఆగే పండు కాదు. పొద్దున కోస్తే నవ్వుతూ ఉంటుంది, సాయంత్రానికి చెమట పడుతుంది, తెల్లారేసరికి బూజు.

మొదటి కోత బుట్టల్లో చెమట పడుతుంటే మా ఆవిడ వాటి ముందు గొంతుక్కూర్చుని అంది, "జామ్ చేద్దామండీ."

"నీకొచ్చా?"

"రాదు. మీకు గోడ కట్టడం పుట్టుకతో వచ్చిందా?"

ఆవిడ వరస అది. రోజంతా పెదవి కదపదు. కదిపిందంటే అవతలివాడికి మాట మిగలదు.

పెద్ద గిన్నెలో పండూ చక్కెరా పోసి, పొయ్యి మీద పెట్టి, మధ్యాహ్నం దాకా వంతులవారీగా తిప్పాం. ఎర్రటి పండు ఇటుక రంగుకి దిగింది. సీసాలకి ఎత్తి బజారు మలుపులో బేకరీ ఆమె దగ్గరికి పట్టుకెళ్లాం. లావుపాటి మనిషి, కళ్లద్దాల మీద ఎప్పుడూ మైదా పిండి. చెంచాతో తీసి నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. నేను మా ఆవిడ మొహం చూస్తున్నాను. మా ఆవిడ బేకరీ ఆమె నోరు చూస్తోంది.

"బానే ఉంది" అంది ఆమె. "ఇలాంటిది కంపెనీవాడు నాకు సగం ధరకి వేస్తున్నాడు. ఇందులో పండేదమ్మా? ఉడకబెట్టి చంపేశారు."

నాకు ఒళ్లు మండింది. "పండు కాకపోతే ఇటుక పొడి వేశామా?"

"రంగు చూసి నేనూ అదే అనుకున్నా మేస్త్రీ."

మా ఆవిడ పకపకా నవ్వింది. ఎవరి పక్షమో తెలీదు.

బేకరీ ఆమె చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. "మా అమ్మ ఈ పండుని పొయ్యెక్కించేదే కాదు. పచ్చిగానే చిదిపి, చక్కెర కలిపేది. పెక్టిన్ అని పొడి అమ్ముతారు చూడు, జామ్ గట్టిపడడానికి, దాన్నొక్కదాన్నీ నీళ్లలో ఓ పొంగు రానిచ్చి పండులో తిప్పేది. డబ్బాల్లో పోసి, పేరుకున్నాక ఫ్రీజర్లో పెట్టేసేది. పండు దొరకని కాలంలో మూత తీస్తే ఇల్లంతా తోట వాసన. అలాంటిది తెచ్చావనుకో, నీ మడిలో ఎంత కాస్తే అంతా నేనే తీసుకుంటా. అయితే ఒక్కసారే కాదు. నా ఫ్రీజరు వెన్నకే చాలదు. గడ్డకట్టించి మీ దగ్గరే ఉంచాలి, వారం వారం నాక్కావలసినన్ని పంపాలి, మళ్లీ పండొచ్చేదాకా. మధ్యలో ఒక్క వారం తప్పినా నేను మళ్లీ మీ మొహం చూడను."

"తప్పదు" అంది మా ఆవిడ.

నేనింకా నోరు తెరవలేదు. తెరిచేసరికి మేం రోడ్డు మీద ఉన్నాం.

"తప్పదని చెప్పొచ్చావు. ఫ్రీజరేదీ?"

"అన్నయ్య కొట్టు నిండా అవేగా."

"ఆయన్ని నేనడగను."

"మిమ్మల్నెవరు అడగమన్నారు? వదిన చెవిలో వేస్తా."

మర్నాడే బావ బండి మీద పెట్టె ఫ్రీజరు వేసుకొచ్చాడు. ఏదో ఐస్‌క్రీమ్ కొట్టు మూసేసినవాడు బాకీ కింద వదిలేసింది. కాళ్లు ముడుచుకుంటే ఓ మనిషి పడుకోవచ్చు, అంత ఉంది. ముందు గదిలో గోడ వారగా పెట్టించి, చెవి ఆనించి మోటారు విని, తల ఊపాడు.

"ఎంతివ్వాలి బావా?"

"ఏం మాటయ్యా అది. కొట్లో అడుగు పెట్టే చోటు లేక చస్తున్నా. ఊరికే పడి ఉండేకన్నా నడుస్తుంటేనే దీనికి మంచిది. కొనేవాడు దొరికినప్పుడు చూసుకుందాం."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. గాలి బావుందన్నాడు.

ఇక కొలత సంగతి. బేకరీ ఆమె చెప్పింది తేలికే: చిదిపిన పండు రెండు గ్లాసులైతే చక్కెర నాలుగు గ్లాసులు, పొడి ఒక పొట్లం. నాకు నవ్వొచ్చింది. బుట్టలకి బుట్టలు పండు పడుంటే రెండేసి గ్లాసులు కలుపుతూ కూర్చుంటామా, పెళ్లిపిల్లకి పౌడరు అద్దినట్టు? సిమెంటు ఒకటికి ఇసుక నాలుగంటే తట్టకైనా అంతే, లారీకైనా అంతే. పాళ్లు తెలిశాక ఇంక ఎంత కలిపితే ఏం? మేం మాలు కలుపుకునే తొట్టి ఉంటుంది, అలాంటిది కొత్తది కొన్నాను. కడిగి, మరిగే నీళ్లు పోసి, మళ్లీ కడిగాను. చిదిపిన పండంతా అందులో కుమ్మరించి, చక్కెర బస్తా మూతి విప్పాను.

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఆవిడ రెండు గ్లాసులంది."

"పాళ్లు ఆవిడకి తెలుసు. కలపడం నాకు తెలుసు."

"సరే" అంది.

మా ఆవిడ సరే అంటే దాని అర్థమేమిటో ఇన్నేళ్ల కాపురంలో నాకు అంతుపట్టలేదు.

బాగున్న చేత్తో తెడ్డు పట్టి తిప్పాను. ఈ మూల తిప్పేలోగా ఆ మూల చక్కెర అడుక్కి దిగిపోయేది. మరిగిన పొడినీళ్లు పోస్తే పడ్డచోటే చల్లారి ఉండలు కట్టుకు కూర్చున్నాయి. అయినా చొక్కా తడిసిపోయేదాకా తిప్పి, డబ్బాల్లో పోసి, బల్ల మీదా, అలమరలోనూ, మంచం కిందా వరసలు పేర్చాను. పేరుకునేదాకా కదపకూడదని ఆమె చెప్పిందిగా, స్లాబు వేసిన ఇంట్లోలాగా మా ఆవిణ్ణి అడుగులో అడుగు వేసి నడవమన్నాను. మర్నాడు మూతలు తీస్తే లోపల ఎర్రటి నీళ్లు. అడుగున చక్కెర పంటి కింద కరకరలాడుతోంది.

ఆ పూటే రావాలా బావ? ఓ డబ్బా ఇటు వంచి, అటు వంచి చూశాడు.

"బామ్మర్దీ, ఇది తాగేదా, గోడకి కొట్టేదా?"

"నవ్వు బావా, నవ్వు. నీకు కాకపోతే ఇంకెవరికి దొరుకుతుంది అవకాశం."

"నవ్వట్లేదయ్యా, తెలుసుకుందామని." వెనకే వచ్చిన మా అక్క మటుకు గోడకి జారబడి కడుపు పట్టుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చక్కెర కలిపావా, కంకర కలిపావా?"

ఆ నీళ్లని మా ఆవిడ పారబోయనివ్వలేదు. బేకరీ ఆమె కేకులు తడపడానికి ఊరికే పట్టుకుపోయింది. మర్నాడు నేను లేచేసరికి నా కొత్త తొట్టి పెరట్లో బోర్లా పడి ఉంది. వంటింటి బల్ల మీద, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదాంట్లో రెండేసి గ్లాసుల పండు.

"మీరు తిప్పండి" అంది. "ఒకటి అయ్యాకే ఇంకోటి."

ఎవరి కింద కూలికి వెళ్లినా పెద్ద మేస్త్రీ అనిపించుకున్నవాణ్ని. గిన్నె ముందు కూర్చున్నాను.

అక్కణ్నుంచి పండు అయిపోయేదాకా మా ఇంట్లో వేరే పని లేదు, వేరే మాట లేదు. ఎండెక్కకుండా కోసేవాళ్లం. మా అక్క వచ్చి చెంచా మొనతో తొడిమలు తీసేది. మా ఆవిడ పళ్లెంలో ఒక్క వరసే పరిచి గ్లాసు అడుగుతో నొక్కేది, గుజ్జు కాకుండా, అక్కడక్కడా పండు ముక్క తగిలేలా. చక్కెర పోసి కాసేపు ఊరనిచ్చేది. పొడినీళ్లు బుసబుసమని పొంగిన క్షణాన దింపి తెచ్చి నా గిన్నెలో పోసేది, నేను తిప్పాలి. ఎంతసేపంటే, బొట్టు తీసి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. మొదట్లో ఆవిడే రుద్ది చూసేది. "ఇంకా ఉంది" అనేది, "ఇంకా ఉంది." తర్వాత నన్నే చూడమంది. ఇసుకలో మట్టి ఉందో లేదో పిడికిలి పట్టి చెప్పినవాణ్ని, చక్కెర పలుకు నాకు దొరక్కపోతుందా? ఆ ఒక్క పనిలో మటుకు మా ఇద్దరాడవాళ్లూ నా మాటకి ఎదురు చెప్పలేదు.

ఒక్క గిన్నె కూడా చెడలేదని కాదు. మొదటి వారం ఫ్రీజర్లో పెట్టిన డబ్బాలు మూతలు తన్నుకుని లేచి కూర్చున్నాయి. సందు వదలకుండా నింపడం మా వృత్తిలో ఉంది మరి, అంచు దాకా నింపాను. బావ చూసి, "ఏది గడ్డకట్టినా పొంగుతుంది బామ్మర్దీ. పైన వేలెడు జాగా వదలాలి" అన్నాడు. జాగా అన్న మాట దగ్గర నేను తల ఎత్తి చూశాను. ఆయన మూతలు తుడుస్తున్నాడు. కిటికీ వైపు చూస్తే బాగుండును, పట్టుకుందామని నేను. చూడలేదు.

జామ్ కుదిరిన మొదటి డబ్బా పట్టుకుని మళ్లీ బేకరీకి వెళ్లాం. గట్టిగానే ఉంది, కత్తితో కోస్తే తునక వస్తుంది, నోట్లో పెడితే కరిగిపోతుంది. ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు, అద్దాలు తీసింది. ఇంకో చెంచా తింది. మూత పెట్టి, డబ్బా గల్లాపెట్టె కింద దాచుకుంది.

"అది నమూనా కదా, వెనక్కివ్వండి" అన్నాను.

"అది నాది. మిగతావి తే" అంది.

దారి పొడుగునా మా ఆవిడ నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. ఎప్పుడూ వెనక నడిచే మనిషి. తర్వాత్తర్వాత నన్ను రమ్మనడమే మానేసింది. తనే డబ్బాలు సర్దుకుని వెళ్లేది, తనే ధర మాట్లాడుకుని వచ్చేది. గోళ్ల సందుల్లో ఎరుపు ఎంత రుద్దినా పోయేది కాదు, రుద్దడం కూడా మానేసింది. మా వీధిలో అందరూ తనని జామావిడ అనడం మొదలుపెట్టారు. ఓ రోజు నేను చెప్పులు కుట్టించుకుంటుంటే పక్కనున్నవాడు కుట్టేవాడికి నన్ను చూపించి చెప్పాడు, "ఈయనెవరనుకున్నావు, జామావిడ మొగుడు." ముప్పావు వంతు ఊళ్లో నేను కట్టిన గోడలున్నాయి. జామావిడ మొగుణ్నట!

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మడి ఇల్లు గడిపింది. నేను పంతం పట్టిందే అందుకు. పండు నిలబడితే మడి నిలబడుతుంది, మడి నిలబడితే బావ కిటికీలోంచి ఎంత చూసుకున్నా నాకు నష్టం లేదు. ఆఖరి కోతల నాటికి ఫ్రీజరు మూత నొక్కి పెడితే తప్ప పడేది కాదు. మళ్లీ కాపు దాకా బేకరీకి సరిపోయే జామ్ అంతా అందులో ఉంది. అంటే మా తిండంతా అందులో ఉంది.

అలాంటి రోజుల్లోనే బావ వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"టీ పెట్టనా అన్నయ్యా?" అంది మా ఆవిడ.

"వద్దమ్మా." ఆయన టీ వద్దనడం మేమెప్పుడూ వినలేదు. "షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు."

"ఏటా అంటాడుగా" అన్నాను.

"ఈసారి తాళం మార్చేశాడు బామ్మర్దీ. సామాను సందులో ఉంది. మొత్తం ఒకడికి బేరం పెట్టేశా. వాడి కొట్లోనే పనికి వస్తానని కూడా చెప్పా, వేరే ఊరు." ఫ్రీజరు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇదీ ఆ లెక్కలోదే. రేపు బండొస్తుంది. ఏమీ అనుకోకుండా మీరు కాస్త..."



ఇదిగో ఇప్పుడడుగుతాడు అనుకున్నాను. ఇంతకన్నా మనిషికి అవసరమేం వస్తుంది? నా మాటలన్నీ నాలిక చివరికి తెచ్చుకుని నిలబడ్డాను. అక్కకి ఇల్లు, నాకు మడి. అంగుళం కదలదు. ఆయన కిటికీ వైపు చూడలేదు. తన చెప్పులు చూసుకున్నాడు. "మూటలు కట్టాలి, మీ అక్క ఒక్కతే ఉంది" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మా ఆవిడ ఫ్రీజరు మూత ఎత్తి పట్టుకుంది. చల్లటి పొగ ఆవిడ చేతుల మీదుగా కిందికి పోతోంది.

"ఇరుగుపొరుగు ఫ్రిజ్‌ల్లో పెడితే?" అన్నాను.

"రెండేసి డబ్బాలు కూడా పట్టవు. కరిగాక మళ్లీ గడ్డకట్టిస్తే నీళ్లూ జామూ విడిపోతాయి. బేకరీలో చోటు లేదని ఆవిడ ముందే చెప్పింది."

"అడుగుతాడనుకున్నా."

"అడగడు."

"అడిగితే ఇవ్వనని చెప్పి..."

"ఆ సంగతి తెలిసే అడగడు." మూత దించి, అంచు వెంట తడిగుడ్డతో తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది, "మీరే అడగండి."

"నేనా? ఏమని?"

"రోడ్డు వైపు కొట్టు పెట్టుకోమని. సామాను అమ్మొద్దని." తుడిచిందే తుడుస్తోంది. "నాకీ డబ్బాలు కావాలండీ."

మా ఆవిడ నాతో కాపురానికొచ్చాక ఫలానాది కావాలని అనడం అదే మొదలు. నేను చొక్కా వేసుకున్నాను.

సందులో బారుగా ఫ్రిజ్‌లు నిలబడి ఉన్నాయి, కొన్నిటికి తలుపుల్లేవు. మా అక్క రాగి గొట్టాలు చుట్టలు చుడుతోంది. బావ ఓ మోటారుకి గుడ్డ కడుతున్నాడు.

"బావా, సామాను అమ్మకు. మా రోడ్డు వైపు చోటులో కొట్టు వేసుకో."

ఆయన గుడ్డ కట్టడం ఆపలేదు. "వద్దులే బామ్మర్దీ. మావయ్య నీకిచ్చిన మడి అది."

"నాకిచ్చాడు, నేను నీకిస్తున్నా."

"నీకు ఇబ్బంది."

"నాకేం ఇబ్బంది లేదు."

"కాపు మీదున్న మొక్కలు. పాపం."

"కాపు అయిపోయింది. పీకి పెరట్లో పెట్టుకుంటాం."

"అయినా సరే, మనలో మనకి రేపు మాటలొస్తే..."

"బావా, నీకు దణ్ణం పెడతా, తీసుకో!"

సందులో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆయన చేతికందకుండా దాచుకున్న నేలని తీసుకోమని నడిబజారులో బతిమాలుతున్నాను. మా అక్క అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో నేను చూడలేదు.

బావ మోటారు కింద పెట్టాడు. చేతులు తుడుచుకుని, మెల్లగా అన్నాడు, "అయితే అద్దె పుచ్చుకో. నెలనెలా ఇస్తా. నీ నేల నీదే."

అక్కడ ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. సరే బావా అంటే అయిపోయేది. కానీ అద్దె అనగానే, తాళం మార్చిన ఆ షెడ్డువాడి పక్కన ఆయన నన్ను కూడా నిలబెట్టినట్టు అనిపించింది. ఇంతకాలం నా మీద మనసులో ఉన్నది ఇదన్నమాట, అనుకున్నాను.

"అద్దేంటి? ఏటా పెంచి, ఏటా పొమ్మనే రకంలా కనబడుతున్నానా నీకు? రాసిస్తా. నీ పేరునే రాసిస్తా."

"అంత మాటెందుకు బామ్మర్దీ."

"రాసిస్తానన్నానా లేదా?"

మా అక్క అంది, "ఒరేయ్, నిదానంగా ఆలోచించుకో." నా మంచికే అంది. "నువ్వూరుకో అక్కా" అన్నాను.

సామాను కొంటానన్నవాడు నాలుగు తిట్టి, తనకి నచ్చిన మిషన్లు ఏరుకుని మిగతావి వదిలేసి పోయాడు. ఫ్రీజరు మా ముందు గదిలోంచి కదల్లేదు. ఆ వారం బేకరీకి డబ్బాలు వెళ్లాయి, ఆ పై వారం వెళ్లాయి, మళ్లీ పండు దిగేదాకా ఒక్క వారం తప్పలేదు. మొక్కల్ని మా ఆవిడ తడి మట్టితో సహా ఎత్తి పెరట్లో నాటుకుంది. సగం బతికాయి. ఇప్పుడు తనకి రెండు ఫ్రీజర్లు. రెండోది కొన్నదే. బావ కొట్టు బాగా నడుస్తుంది. రోడ్డున పోయేవాళ్లకి చల్లాయన బోర్డు ముందు కనిపిస్తుంది, దాని వెనక మా ఇల్లు ఉన్నట్టు కొత్తవాళ్లకి తెలీదు. ఆయన రోజూ టీకి వస్తాడు. ఇవాళ్టికీ నన్ను ఏదీ అడగలేదు. నా చేతే అడిగించుకున్నాడు, లోకంలో ఇంతకన్నా ఘోరం నేను చూడలేదు. మా ఆవిడతో అంటే సరే అంటుంది.

అన్నట్టు, అప్పుడు రాసిచ్చే ముందు కొలత పడాలిగా. టేపు నేనే పట్టాను. ఆయన చేతికిస్తే తక్కువ కొలుస్తాడు, ఆ తక్కువని జన్మంతా నా నెత్తిన మోయిస్తాడు. రోడ్డు వార మేకు కొట్టి, దారం లాగి, "ఎంత కావాలి?" అన్నాను.

"ఇరవై అడుగులు బోలెడు" అన్నాడు.

"ఇరవైలో ఫ్రిజ్ దించే బండి ఎట్లా తిరుగుతుంది? ఇరవై రెండు."

"ఇరవై చాలు బామ్మర్దీ. ఆ వరసలో మొక్కలింకా బాగున్నాయి."

"ఇరవై రెండంటే ఇరవై రెండు!"

రెండో మేకు కూడా నేనే కొట్టాను. కాగితం మీద అదే పడింది: వెడల్పు ఇరవై రెండు అడుగులు, పొడవు అరవై ఒకటి. అందులో రెండడుగుల వెడల్పు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఆయన వద్దన్నది.